యుద్ధవిమానాల కిట్లకు ఆఫ్టర్‌మార్కెట్ భాగాలు: ఏది ముందు కొనాలి, ఏది ఆగవచ్చు

1/48 స్కేలు (అసలు విమానంలో నలభై ఎనిమిదో వంతు) ఎఫ్-16సీ ప్లాస్టిక్ నమూనా కిట్ ఒకటి కొన్నాననీ, ఇప్పటిదాకా ఆరేడు విమానాలను పెట్టెలో ఇచ్చిన భాగాలతోనే కట్టాననీ, ఈసారి ఆఫ్టర్‌మార్కెట్ భాగాలు, అంటే వేరే తయారీదారులు విడిగా అమ్మే రెజిన్ (అచ్చులో పోసి గట్టిపరిచే ద్రవం) కాక్‌పిట్, రంగులు ముద్రించిన ఫొటో ఎచ్ (రసాయనంతో చెక్కిన పలచటి లోహపు) రేకులు, నాజిల్ (ఇంజిన్ వెనక వేడి వాయువు వెలువడే మూతి), చక్రాలు, ఇత్తడి పిటో గొట్టం (గాలి వేగాన్ని కొలిచేది) అన్నీ ఒకేసారి తెప్పించుకోవాలని ఉందనీ మీరు రాశారు. వీటిలో నిజంగా ఉపయోగపడేవి ఏవి, మొదటిసారి వాడేవారు ఎక్కడ దెబ్బ తింటారు అన్నది మీ ప్రశ్న. అన్నీ ఒకేసారి వద్దని నా సలహా. ముందు పిటో గొట్టం, ఎజెక్షన్ సీటు, ఆ తరువాత నాజిల్, చక్రాలు తీసుకోండి. పూర్తి రెజిన్ కాక్‌పిట్ జోలికి మాత్రం ఈ కిట్‌తో వెళ్లకండి. ఈ వరుస నాకు రెండు కిట్లు పాడయ్యాక గానీ తెలిసిరాలేదు.

కారణం ప్లాస్టిక్ భాగం తయారయ్యే తీరులోనే ఉంది. కరిగిన పాలిస్టైరీన్‌ను ఉక్కు అచ్చులోకి ఒత్తిడితో ఎక్కించి, చల్లారాక అచ్చును విడదీసి భాగాన్ని బయటికి తోస్తారు కనుక, అది మరీ పలచగా ఉంటే అచ్చు నిండదు, నిండినా బయటికి వచ్చేటప్పుడు విరుగుతుంది. అచ్చు సగాలు కలిసిన చోట గీత ఎలాగూ పడుతుంది. 1/48లో 0.1 మిల్లీమీటరు అంటే అసలు విమానం మీద 4.8 మిల్లీమీటర్లు. నాజిల్ రేకుల అంచు కిట్‌లో 0.8 మిల్లీమీటర్లు ఉందనుకుంటే, ఆ లెక్కన అసలు విమానానికి 38 మిల్లీమీటర్ల మందమున్న ఇనుప పలకలు బిగించినట్టవుతుంది, ఈ తేడాను కన్ను ఏ లెక్కా వేయకుండానే పట్టేస్తుంది. అందుచేత ఏదైనా కొనేముందు నేను రెండు సంగతులు చూసుకుంటాను: కట్టడం పూర్తయ్యాక ఆ భాగం బయటికి కనబడుతుందా, కనబడేదైతే దాన్ని ప్లాస్టిక్‌లో కావలసినంత పలచగానో గుండ్రంగానో తేవడం నా చేతనవుతుందా అని. మొదటిదానికి అవునని, రెండోదానికి కాదని జవాబు వస్తేనే కొంటాను.

పిటో గొట్టం ఈ పరీక్షలో సులువుగా నెగ్గుతుంది. ఎఫ్-16 ముక్కు కొన మీద ఉండే ఆ సన్నని గొట్టం ప్లాస్టిక్‌లో అచ్చు గీతతో వస్తుంది, ఆ గీతను శాండ్‌పేపర్‌తో తీసేసరికి గుండ్రటి గొట్టం కోలగా మారుతుంది, ఆపైన రంగులు వేసే లోపు కనీసం ఒకసారైనా విరుగుతుంది. లేత్ మీద చేసిన ఇత్తడి గొట్టానికి ఈ బాధలేవీ లేవు. ముక్కు కొనను కోసి, సరిగ్గా మధ్యలో చేతి డ్రిల్లుతో రంధ్రం చేసి, గొట్టాన్ని ఒకసారి దూర్చి చూసి, తీసి దాచిపెట్టండి. రంగులు, డీకాల్స్ (విమానం మీది గుర్తుల అంటింపు బొమ్మలు), వార్నిష్ అన్నీ అయిపోయాక చివరి రోజున అతికించండి. ముందే అతికిస్తే అది విరగదు గానీ, మీ అరచేతిలో దిగుతుంది. మిగ్-21 కట్టేవారికి ఇది ఇంకా అవసరం, ఎందుకంటే ఆ విమానపు పిటో గొట్టం చాలా పొడవు. మిగ్-21ఎఫ్-13లో అది ముక్కు కింద ఉంటుంది, తరువాతి రకాల్లో పైకి మారింది, కాబట్టి మీరు కొనేది ఏ రకానిదో చూసుకోవాలి.

సీటు విషయానికొస్తే, ఎఫ్-16 కానపీకి (కాక్‌పిట్ మీది అద్దపు మూతకు) పైలట్ ముందు ఫ్రేము లేదు, పైగా సీటును 30 డిగ్రీలు వెనక్కి వాల్చి అమర్చారు. అందువల్ల పైనుంచి చూసేవారికి కాక్‌పిట్‌లో మొదట కనబడేది సీటే. దానిలోని ఏసెస్ 2 రకం ఎజెక్షన్ సీటును మంచి రెజిన్ తయారీదారులు బెల్టులతో సహా ఒకే ముక్కగా పోస్తారు, ఆ బెల్టులు దిండు మీద బట్టలాగానే వాలి ఉంటాయి. ఫొటో ఎచ్ బెల్టులు కొని కిట్ సీటుకే పెట్టవచ్చు గానీ, ఇత్తడి రేకు ఎంతైనా రేకే కనుక వంచకపోతే సీటు మీద డబ్బా మూత పెట్టినట్టుంటుంది. ముద్రణ లేని ఇత్తడి అయితే మంట మీద క్షణంపాటు మందమైన ఎరుపు వచ్చేదాకా పట్టి చల్లారనిస్తే మెత్తబడుతుంది, అప్పుడు వేలితో నొక్కినా మడతలు పడుతుంది. రంగులు ముద్రించిన రేకును మంటకు చూపితే రంగు మాడిపోతుంది, కాబట్టి దాన్ని బ్రష్ పిడి మీద చుట్టి ఓపికగా వంచడం తప్ప మార్గం లేదు. సీటు రకాన్ని కూడా సరిచూసుకోండి: మిగ్-21లో తొలి రకాలకు ఎస్‌కే-1, పీఎఫ్ఎం నుంచి కేఎం-1 ఉంటాయి, ఈ రెండింటికీ పోలికే లేదు.

ఇక పూర్తి రెజిన్ కాక్‌పిట్ ఎందుకు వద్దన్నానో చెప్పాలి. నా మొదటి ప్రయోగం 1/48 మిగ్-21ఎంఎఫ్ మీద జరిగింది. ఆ కాక్‌పిట్ పెట్టె మీద నా కిట్ పేరే ఉంది, కాబట్టి అది అలా వెళ్లి కూర్చుంటుందని నమ్మాను. తీసి పెట్టి చూస్తే ఫ్యూజలేజ్ (విమానపు మొండెం) సగాలు రెండూ మూసుకోలేదు, మధ్యలో దాదాపు ఒక మిల్లీమీటరు సందు మిగిలింది. అలా మిగలడం తయారీదారు పొరపాటేమీ కాదు. పక్క గోడల మీది స్విచ్చులూ పెట్టెలూ ఉబ్బెత్తుగా చూపాలంటే వాటి వెనక గోడ కూడా పోయాలి, ఆ గోడకు చోటు కావాలంటే కిట్ ప్లాస్టిక్‌ను లోపలి నుంచి పలచబరచాలి. సూచనల కాగితంలో ఆ మాట ఉంది, నేనే దాన్ని తేలికగా తీసుకున్నాను.

చిన్న మోటారు డ్రిల్లుకు గుండ్రటి బిట్ తగిలించి లోపలి గోడను చెక్కడం మొదలుపెట్టాను. మోటారు వేగానికి ప్లాస్టిక్ అరగడం మాని కరిగింది, కరిగిన ముద్ద బిట్‌కు చుట్టుకుంది, దాన్ని లాగేసరికి ఎడమవైపు కానపీ అంచుకు కాస్త కింద ఆవగింజంత రంధ్రం పడి అవతలి వెలుగు కనిపించింది. స్ప్రూ (కిట్ భాగాలు అంటుకుని వచ్చే ప్లాస్టిక్ కాడ) ముక్కలను జిగురులో కరిగించి ఆ రంధ్రం పూడ్చాను, ఆరాక అరగదీశాను, అరగదీతలో పోయిన ప్యానెల్ గీతలను మళ్లీ గీశాను. ఈ ఒక్క రంధ్రానికి నాలుగు సాయంత్రాలు పట్టింది. ఆ తరువాత మోటారు తీయడం మానేసి, వంపు బ్లేడుతో గీకడం అలవాటు చేసుకున్నాను. చెక్కవలసిన మేరకు పెన్సిల్‌తో నలుపు పూసి, ఆ నలుపు పోయేదాకా గీకి, మళ్లీ పూసి, మధ్యమధ్యలో దీపానికి ఎదురుగా పట్టి చూస్తాను. ప్లాస్టిక్ లోంచి అవతలి వేలి నీడ కనిపించడం మొదలైందంటే ఇక అక్కడ ఆగిపోవాలి.

గోడలు కుదిరాక అసలు చిక్కు కిందినుంచి వచ్చింది. మిగ్-21లో ముందు చక్రం ముడుచుకునే గది కాక్‌పిట్‌కు కింది భాగంలోనే ఉంటుంది. రెజిన్ ముక్కకు అడుగున పోత దిమ్మ మిగిలి ఉంటుంది, దాన్ని రంపంతో కోసి నేల పలచగా అయ్యేదాకా అరగదీయాలి. నేను అర మిల్లీమీటరు ఎక్కువ వదిలాను. దాంతో కాక్‌పిట్ మొత్తం అంతమేర పైకి లేచింది, ఇన్‌స్ట్రుమెంట్ ప్యానెల్ మీది కప్పు కానపీకి తగిలింది, సీటు తలగడ అద్దాన్ని నెట్టింది. ఇవన్నీ సరిచేయబోతే కానపీ ఆనే అంచు చెడిపోయింది. ఆ రకంలో కానపీ కుడి పక్కకు తెరుచుకుంటుంది, తెరిచి చూపించాలనే అంత శ్రమా పడ్డాను, చివరికి అంచు చెడిన సంగతి దాచడానికి దాన్ని మూసి అతికించవలసి వచ్చింది. ఆ ఫ్రేముల వెనక ఇప్పుడు కనబడేది సీటు పైభాగం మాత్రమే. విడి సీటు ఒక్కటి కొని ఉంటే అంతే కనబడేది!

ఇన్‌స్ట్రుమెంట్ ప్యానెల్ దగ్గర ఫొటో ఎచ్‌కు కొంత న్యాయం ఉంది. 80 మిల్లీమీటర్ల డయలు 1/48లో సుమారు 1.7 మిల్లీమీటర్లు అవుతుంది, అందులో ముల్లూ అంకెలూ చేత్తో గీయడం నా వల్ల కాదు. అయితే ముద్రించిన రేకులోని బూడిదరంగు మీరు కాక్‌పిట్‌కు వేసే బూడిదరంగుతో కలవదు, ఆ తేడా చిన్నదైనా పక్కపక్కన పెడితే తెలుస్తుంది. రేకును ముందు అతికించి, దానికి సరిపోయేలా మిగతా కాక్‌పిట్‌కు రంగు కలుపుకోవడం మేలు, లేకపోతే ప్యానెల్ అరువు తెచ్చుకున్నట్టు కనిపిస్తుంది. ఈ మధ్య వస్తున్న ఉబ్బెత్తు ముద్రణ డీకాల్స్ నాకు రేకుల కంటే బాగా నచ్చాయి, ఎందుకంటే వాటిలో స్విచ్చులకు కాస్త ఎత్తు ఉంటుంది. గుండ్రంగా ఉండవలసిన వాటికి, అంటే లివర్లకు, బ్రేకు గొట్టాలకు రేకు అసలు పనికిరాదు. సన్నని రాగి తీగ తెచ్చుకోండి. రేకు నుంచి ముక్కలను కోసేటప్పుడు గట్టి పలక మీద పెట్టి పైన పారదర్శక టేపు అంటించి కోయండి. టేపు లేకుండా కోసిన ముక్క ఎగిరి ఎక్కడ పడుతుందో ఎవరూ చెప్పలేరు.

నాజిల్ కొనేముందు మీరు కట్టబోయే విమానం ఏ బ్లాకుదో (ఏ తయారీ విడతదో) తెలుసుకోండి. ఎఫ్-16సీలో 30, 40, 50 బ్లాకులకు జనరల్ ఎలక్ట్రిక్ వారి ఎఫ్110 ఇంజినూ, 32, 42, 52 బ్లాకులకు ప్రాట్ అండ్ విట్నీ వారి ఎఫ్100 ఇంజినూ ఉంటాయి. వాటి నాజిళ్ల ఆకారం వేరు. బ్లాకు అంకె సున్నాతో ముగిస్తే మొదటిది, రెండుతో ముగిస్తే రెండోది అని గుర్తుపెట్టుకుంటే చాలు, అయితే బ్లాకు 25కు ఎఫ్100 అని విడిగా గుర్తుంచుకోవాలి. చక్రాలకూ ఇదే చిక్కు ఉంది: బ్లాకు 40 నుంచి బరువు పెరగడంతో ప్రధాన చక్రాలు పెద్దవయ్యాయి, వాటికి చోటివ్వడానికి చక్రపు తలుపులు ఉబ్బెత్తుగా మారాయి. మీరు డీకాల్స్ ఎంచుకున్న విమానం ఫొటో ఒకటి ఎదురుగా పెట్టుకుని తలుపుల ఉబ్బు, నాజిల్ రెండూ సరిచూశాకే ఆర్డరు పెట్టండి. నేను ఒకసారి ముందు నాజిల్ కొని, తరువాత దానికి తగిన డీకాల్స్ కోసం వెతుక్కున్నాను.

రెజిన్ ఏ రూపంలో తీసుకున్నా కొన్ని జాగ్రత్తలు తప్పవు. అచ్చు నుంచి ఊడిరావడానికి పూసిన మందు దాని మీద ఉంటుంది కాబట్టి, గోరువెచ్చని సబ్బు నీళ్లలో కడగకపోతే రంగు టేపుతో పాటు ఊడివస్తుంది. ప్లాస్టిక్ జిగురు రెజిన్‌ను కరిగించదు, సూపర్‌గ్లూ గానీ ఎపాక్సీ గానీ వాడాలి. రెజిన్ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు, అందువల్ల తడి శాండ్‌పేపర్‌తోనే అరగదీసి, మాస్కు పెట్టుకోండి. సూపర్‌గ్లూ ఆవిరి కానపీ మీద తెల్లటి పొగమంచులా పేరుకుంటుంది, కాబట్టి కాక్‌పిట్ లోపల సూపర్‌గ్లూ వాడిన రోజునే కానపీ మూయకండి, కానపీని తెల్ల జిగురుతోనే అతికించండి.

లోహపు ల్యాండింగ్ గేర్ (చక్రాల కాళ్లు) గురించి మీరు అడగలేదు గానీ, నాజిల్ రెజిన్‌ది పెడుతున్నారు కనుక చెబుతున్నాను. తోక వైపు బరువు పెరుగుతుంది, కాబట్టి ఫ్యూజలేజ్ మూసేముందు సగాలను టేపుతో కలిపి, ప్రధాన చక్రాలు వచ్చే చోట రెండు వేళ్ల మీద ఆనించి ముక్కు కిందికి వాలుతోందో లేదో చూడండి, వాలకపోతే ముక్కులో సీసం ముక్క పెట్టండి. వైట్ మెటల్ అనే లోహంతో పోసిన గేర్ మెత్తటిది, ఏళ్లు గడిచేకొద్దీ బరువుకు వంగుతుంది. ఆ బరువుకు కిట్ ప్లాస్టిక్ గేరే సరిపోతుంది.

సీటును మాత్రం అతికించే ముందు కాక్‌పిట్‌లో ఊరికే నిలబెట్టి పైన కానపీ పెట్టి చూడండి. నేను కొన్న రెజిన్ సీట్లలో సగానికి పైగా ఎత్తు కాస్త ఎక్కువే వచ్చాయి, అడుగున శాండ్‌పేపర్ మీద ఎనిమిది అంకె ఆకారంలో తిప్పుతూ అరగదీశాక గానీ కానపీ పూర్తిగా కూర్చోలేదు. రంగు వేయకముందు ఇది పది నిమిషాల పని.