అండర్ 14 ఇచ్చారని అలిగితే ఎలారా

ఒరేయ్ నానీ,

నీ మెసేజ్ చూశాను. మోకాలు పోయింది ఆట అయిపోయింది ఇక కోచింగే దిక్కు అనుకుంటే అండర్ 14 పిల్లల్ని అంటగట్టారు, ఇదా నా లెవెల్ మావయ్యా అన్నావు. కోపంలో రాశావని తెలుసు గానీ ముప్పై ఏళ్లు పిల్లలకే నేర్పినోణ్ణి కదా, కాస్త గుచ్చుకుంది. సర్లే.

నీ గదిలో స్పెయిన్ ఫుట్‌బాల్ ఆటగాడు షాబీ అలోన్సో పోస్టర్ ఉండేది కదా, ఆయన సంగతే చెప్తా. 2017లో జర్మనీ క్లబ్ బయెర్న్‌లో బూట్లు విప్పేసేటప్పటికి ఆయనకి లేనిదేంటి చెప్పు, 2010 వరల్డ్ కప్, రెండు యూరో కప్పులు, లివర్‌పూల్‌తో ఒకటి రియల్ మాడ్రిడ్‌తో ఒకటి ఛాంపియన్స్ లీగ్ (యూరప్ క్లబ్బుల్లో అతి పెద్ద కప్పు), పైగా వాళ్ల నాన్న పెరికో కూడా రియల్ సొసియెదాద్ క్లబ్‌కి స్పెయిన్ లీగ్ గెలిపించినోడే. అంత పేరున్నోడు 2018లో ఎక్కడ మొదలెట్టాడో తెలుసా? మాడ్రిడ్ అకాడమీలో, అండర్ 14 పిల్లలతో! నీకిచ్చిందీ అదేగా.

తర్వాత 2019లో సొంతూరి వైపు, శాన్ సెబాస్టియన్‌కి వెళ్లి సొసియెదాద్ రెండో టీమ్ తీసుకున్నాడు, సాన్సే అంటారు దాన్ని. మూడేళ్లు అక్కడే. 2021లో దాదాపు అరవై ఏళ్ల తర్వాత ఆ పిల్లల్ని రెండో డివిజన్‌కి ఎక్కించాడు, మరుసటేడే మళ్లీ కిందకి పడ్డారు. ఇది బాగా గుర్తుపెట్టుకో. అదే పడటం రియల్ మాడ్రిడ్ స్టేడియం బెర్నబావులోనో మరెక్కడో జరిగుంటే పేపర్లు ఉతికి ఆరేసేవి, చిన్నచోట కాబట్టి తప్పు చేసి నేర్చుకునే టైమ్ దొరికింది.

చిన్నప్పుడు లా కొంచా బీచ్‌లో ఆయనతో ఆడిన అర్టేటాదీ ఇంచుమించు ఇదే కథ, కాకపోతే అతను పేరుమోసిన కోచ్ గార్డియోలా పక్కన మూడేళ్లకి పైగా అసిస్టెంట్‌గా కూర్చుని ఆర్సెనల్‌కి కోచ్‌గా వెళ్లాడు. నీకు గార్డియోలా ఎక్కడ దొరుకుతాడులే, పిల్లలు దొరికారుగా.

2022 అక్టోబర్‌లో అలోన్సో జర్మనీ క్లబ్ లెవర్‌కుసెన్ తీసుకునేటప్పటికి అది 18 టీముల్లో 17వది. సీజన్ అయ్యేసరికి ఆరోది. ఆ తర్వాతేడు 34 మ్యాచుల్లో 28 గెలుపులు, 6 డ్రాలు, ఒక్కటంటే ఒక్క ఓటమి లేదు, ఆ క్లబ్ అంతకుముందు జన్మలో గెలవని బుండెస్‌లీగా, అంటే జర్మనీ లీగ్, గెలిచింది. 51 మ్యాచులు ఓడకుండా వచ్చి డబ్లిన్‌లో యూరోపా లీగ్ (యూరప్ క్లబ్బుల రెండో పెద్ద కప్పు) ఫైనల్ ఇటలీ క్లబ్ అటలాంటా చేతిలో 3-0తో పోగొట్టుకున్నారు, మూడు రోజులకే బెర్లిన్‌లో పదిమందితో జర్మన్ కప్ కొట్టారు. ఆ మూడు రోజులు డ్రెస్సింగ్ రూమ్‌లో ఏం మాట్లాడుంటాడా అని నాకిప్పటికీ కుతూహలమే.

లివర్‌పూల్, బయెర్న్ రెండూ ఆయన వైపు చూస్తున్నప్పుడు ఇక్కడ నా పని అవ్వలేదని ఉండిపోయాడు. నీకూ ఒక టోర్నీ గెలవగానే ఎవడో ఫోన్ చేస్తాడు, వెంటనే ఎగిరిపోకు. ఆయన 2025లో రియల్ మాడ్రిడ్‌కి కోచ్‌గా వెళ్లి 2026 జనవరికల్లా బయటికొచ్చేశాడు. అంతటోడికే గ్యారంటీ లేని ఉద్యోగం రా ఇది.

ఇక గ్రౌండ్ మీద సంగతి. మొదటి నెలంతా నీ పిల్లలు బాల్ చుట్టూ ఈగల్లా మూగుతారు, అరవకు. బాల్ రాకముందే తల తిప్పి అటూ ఇటూ చూడటం ఒక్కటే నేర్పు, చాలు. అలోన్సో ట్యాకిల్ అంటే వేరే దారిలేనప్పుడు చేసే పని అనేవాడు, ముందే సరైన చోట నిలబడితే నేలమీద దొర్లాల్సిన పనేముంది? పెనాల్టీ మిస్ చేసినోణ్ణి అస్సలు తిట్టకు, 2005లో ఇస్తాంబుల్‌లో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్లో అలోన్సో పెనాల్టీని మిలాన్ గోల్‌కీపర్ దీదా ఆపేశాడు, వెనక్కొచ్చిన బాల్‌నే మళ్లీ కొట్టి 3-3 చేశాడు. పిల్లలకి ఆ వీడియో చూపించు.

ఆదివారం పొద్దున్న ఆరింటికల్లా గ్రౌండ్‌కి రా. కోన్లు నా దగ్గరున్నాయి, విజిల్ మాత్రం నువ్వే కొనుక్కో, నాది పగిలింది.

మీ మావయ్య