మిద్దె కారుతోందని మూడు లక్షలు అప్పు చేయాలా, పాపా?

పాపా,

నువ్వు వాట్సాప్‌లో పంపిన లెక్క నిదానంగా చదివాను. మిద్దె కారుతోంది, కింద టైల్స్ వేయాలి, వంటింటి గట్టుకు గ్రానైట్ పెట్టాలి, ముందర గ్రిల్లు, ఇంటికంతా పెయింటు, అన్నీ కలిపి మూడు లక్షలు, ఫైనాన్స్ వాళ్ళు వారంలో ఇస్తామంటున్నారు, తీసుకోమంటావా పెద్దమ్మా అని అడిగావు. మూడు లక్షలు వద్దు. మిద్దె పనికి మాత్రం చేతిలో డబ్బు చాలకపోతే అప్పు చెయ్యి, ఆలస్యం చెయ్యొద్దు. ఎందుకలా అంటున్నానో రాస్తాను, అల్లుడికి కూడా చదివి వినిపించు, కంతు కట్టాల్సింది మీరిద్దరూ కదా.

అల్లుడు టెంపో తోలితే 15 వేలు, నీ కుట్టుమిషన్ మీద 7 వేలు, నెలకు 22 వేలు వస్తాయని రాశావు. అది ఏ నెల లెక్క? ఎండాకాలం సెలవుల్లో, బ్రహ్మోత్సవాలప్పుడు, వైకుంఠ ఏకాదశికి తిరుమల కొండకు జనం విరగబడి వస్తారు, బండికి ఊపిరాడదు. పిల్లల పరీక్షలప్పుడు, వానలు పట్టుకున్నప్పుడు ఎంతొస్తుంది? నువ్వే ఒకసారి 14 వేలకు పడిపోయిందన్నావు. కంతు లెక్క వేయాల్సింది ఆ 14 వేల మీద. తిరుపతి చుట్టుపక్కల బతుకులన్నీ కొండకొచ్చే జనం మీద ఆధారపడినవే. 2020 మార్చి 20న తిరుమలలో దర్శనాలు ఆపేస్తే మళ్ళీ జూన్‌లో గానీ మొదలుకాలేదు. లాడ్జీలు, జీపులు, పూల అంగళ్ళు అన్నీ ఆగిపోయాయి, వడ్డీ మాత్రం ఆగలేదు. రిజర్వ్ బ్యాంకు ఆరు నెలలు కంతులు వాయిదా వేసుకోవచ్చంది, దాన్ని మాఫీ అనుకున్నవాళ్ళు మా డ్వాక్రా సంఘంలోనే చాలామంది ఉన్నారు. ఆ నెలల వడ్డీ మళ్ళీ అప్పులోనే కలిసింది.

ఇప్పుడు నీ మూడు లక్షల సంగతి. ఫైనాన్స్ వాళ్ళు ఏడాదికి 18 శాతం, ఐదేళ్ళు అన్నారని రాశావు. నెల కంతు 7,618 రూపాయలు పడుతుంది. ఐదేళ్ళకు కట్టేది 4 లక్షల 57 వేలు, అంటే వడ్డీయే లక్షా 57 వేలు. 14 వేలు వచ్చే నెలలో 7,618 పోగా మిగిలిన ఆరు వేల చిల్లరతో బియ్యం, గ్యాస్, మీ పాప స్కూలు ఫీజు, అత్తమ్మ మందులు ఎలా గడుస్తాయో నువ్వే ఒక కాగితం మీద రాసుకో. రిజర్వ్ బ్యాంకు 2022లో మైక్రోఫైనాన్స్ అప్పులకు ఒక హద్దు పెట్టింది, ఇంటి మొత్తం అప్పుల కంతులన్నీ కలిపి ఆదాయంలో సగం దాటకూడదని. మీ 22 వేలకు ఆ లెక్కన 11 వేల దాకా కంతు కట్టే శక్తి ఉన్నట్టే. అది దాటకూడని గీత మాత్రమే పాపా, అంత దాకా కట్టగలరని ఎవరూ నీకు హామీ ఇవ్వలేదు. పైగా నువ్విప్పుడు కడుతున్న చీటీ డబ్బులు ఆ లెక్కలోకే రావు.

వడ్డీ ఎంత అని అడిగేటప్పుడు ఎలా లెక్కేస్తారో కూడా అడుగు. 12 శాతమే అంటారు, సరే అనుకుంటాం. లక్ష రూపాయలు మూడేళ్ళకు తీసుకుంటే, తగ్గే అసలు మీద 12 శాతమైతే నెలకు 3,321, మొత్తం వడ్డీ 19,571. అదే ఫ్లాట్ లెక్కన 12 శాతమైతే అసలు తగ్గుతున్నా వడ్డీ మొదటి లక్ష మీదే వేస్తారు, నెలకు 3,778, వడ్డీ 36 వేలు. పేరుకు 12 గానీ నిజానికి అది దాదాపు 21 శాతం అవుతుంది. అందుకే 2024 అక్టోబరు నుంచి బ్యాంకైనా ఫైనాన్సైనా మనిషికి అప్పు ఇచ్చే ముందు కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అనే కాగితం ఇచ్చి తీరాలి, మనకు అర్థమయ్యే భాషలో ఉండాలి. దాంట్లో ఏపీఆర్ అని ఒక శాతం ఉంటుంది, ప్రాసెసింగ్ ఫీజు, ఇన్సూరెన్స్ లాంటివన్నీ కలుపుకొని వేసిన వడ్డీ అది. ఆ కాగితం చూపించకుండా సంతకం అడిగితే లేచి వచ్చెయ్.

ఊళ్ళో రెండు రూపాయల వడ్డీకి తెస్తే తేలిక అని మీ మరిది చెప్పాడట. నూటికి నెలకు రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. లక్షకు నెలకు రెండు వేలు కడుతూ పోతే మూడేళ్ళకు 72 వేలు కట్టి ఉంటావు, లక్ష లక్షగానే నిలబడి ఉంటుంది. ఫోన్ యాప్‌లో అప్పుల జోలికి అసలు పోవద్దు, దాని గురించి ఇంతకంటే రాయను.

ఇక మిద్దె. ఇక్కడే నేను తొందరపడమనేది. మన పక్క అసలు వానలు అక్టోబరు నుంచే వస్తాయి. 2021 నవంబరులో తిరుపతి వీధుల్లో నీళ్ళు ఎలా పారాయో, రాయలచెరువు కట్ట తెగుతుందని ఎంత భయపడ్డామో నీకు గుర్తుండే ఉంటుంది. కానీ మీ మేస్త్రీ స్లాబు పైన అంతా కొత్తగా వేయాలన్నది వాన పడేటప్పుడు చూసి చెప్పాడా, ఎండలో చూసి చెప్పాడా? మీ పెద్దనాయన ఇన్నేళ్ళ మేస్త్రీ పనిలో చెప్పేది ఒకటే, కారేది ఎక్కడో తెలియకుండా సిమెంటు కలపకూడదు అని. ఈసారి వాన పడ్డప్పుడు లోపల చెమ్మ దిగిన చోటల్లా పెన్సిల్‌తో చుట్టూ గీసి పక్కనే తేదీ వెయ్యి. తర్వాతి వానకు చెమ్మ ఆ గీత దాటి ఎంత పాకిందో తెలుస్తుంది. ఆ తర్వాత మిద్దె ఎక్కి సరిగ్గా ఆ చోటికి పైన ఏముందో చూడు. ఎక్కువ ఇళ్ళలో స్లాబు నడిమధ్య కారదు, పిట్టగోడ స్లాబును కలిసే మూల దగ్గర, నీళ్ళు పోయే గొట్టం చుట్టూ, ట్యాంకు కింద కారుతుంది. గొట్టంలో ఆకులు అడ్డుపడి నీళ్ళు నిలిస్తే మంచి స్లాబైనా చెమ్మ దింపుతుంది. ఇవైతే పగుళ్ళు చెక్కి పూడ్చి, వాటం సరిచేసి, వాటర్‌ప్రూఫ్ పూత వేస్తే సరిపోతుంది, ఇంటి మీదంతా కొత్తగా వేయక్కర్లేదు.

అలా కాకుండా లోపల పెచ్చులూడి కమ్మి బయటికి కనిపిస్తున్నా, తుప్పు రంగు మరకలు గీతల్లా వస్తున్నా, అది వేరే సంగతి. కమ్మి తుప్పు పడితే ఉబ్బుతుంది, ఉబ్బి కాంక్రీటును పగలగొట్టుకుంటూ బయటికి తోస్తుంది. దాని మీద సిమెంటు మెత్తి పెయింటు కొడితే కంటికి బాగుంటుంది, లోపల తుప్పు నడుస్తూనే ఉంటుంది. మీ పాప ఆ గదిలోనే పడుకుంటుంది కాబట్టి అలా ఉంటే ఆమెను ఈ రాత్రే పక్క గదికి మార్చు. స్విచ్ బోర్డు ఉన్న గోడలోకి చెమ్మ దిగిందని కూడా రాశావు, అల్లుడు దాన్ని పట్టించుకున్నట్టు లేదు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తింగ్ చూపించు, ఆ బోర్డు వాడటం ఆపండి.

మిద్దె బాగు చేయడం నలభై యాభై వేలలో అయిపోవచ్చని పెద్దనాయన అంచనా, చూడందే గట్టిగా చెప్పలేనన్నాడు. యాభై వేలే అనుకుందాం. 12 శాతానికి రెండేళ్ళ అప్పైతే నెలకు 2,354, మొత్తం వడ్డీ ఆరున్నర వేల లోపే. 14 వేలు వచ్చే నెలలో కూడా ఇది గడుస్తుంది. ముందు నీ డ్వాక్రా సంఘంలో అడుగు, నీ పొదుపు ఎంత ఉందో, సంఘాలకు అప్పులిచ్చే స్త్రీనిధిలో ఇప్పుడు ఎంత ఇస్తున్నారో, వేళకు కడితే వడ్డీ రాయితీ ఎంత వస్తుందో కనుక్కో. ఒక్కటి మాత్రం మనసులో పెట్టుకో, సంఘం అప్పులో నువ్వు కంతు తప్పితే మిగతావాళ్ళు మొయ్యాలి. నేను లీడర్‌గా ఉన్నప్పుడు చూసిన గొడవల్లో ఎక్కువ ఇవే, పక్కింటివాళ్ళే మాట్లాడుకోకుండా అయ్యారు. సంఘంలో కుదరకపోతే నీ గాజులు బ్యాంకులో పెట్టు, ఫైనాన్స్ దగ్గర వద్దు, ఏడాదిలోపు విడిపించగలనన్న లెక్క ఉంటేనే పెట్టు.

ఇంకో మాట, ఇది కొంచెం నొప్పి కలిగించేదైనా రాయాలి. ఇల్లు మీ అత్తమ్మ పేరు మీద ఉంది. నీ పేరున అప్పు చేసి, నీ గాజులు పెట్టి ఆ ఇంటికి టైల్స్, గ్రానైట్ వేస్తే, రేపు మరిది, ఆడబిడ్డ వాటా అడిగిన రోజు నీ డబ్బు లెక్కలోకి రాదు. మిద్దె అందరి తల మీద ఉండేది, దానికి మరిదిని కూడా సగం పెట్టుకోమని అల్లుడే అడగాలి, నువ్వు కాదు. టైల్స్ సంగతి ఇంటి కాగితాలు తేలాక చూసుకోవచ్చు. నీకు ఆ నల్లబడ్డ గచ్చు చూస్తే బాధగా ఉంటుందని, చుట్టాలొస్తే చిన్నతనంగా ఉందని రాశావు, నాకు తెలుసు పాపా, రోజంతా ఆ ఇంట్లో ఉండేది నువ్వే. నీ చీటీ ఎప్పుడు అయిపోతుందో చూడు, పాడుకోకుండా చివరిదాకా ఆగితే ఎక్కువ మిగులుతుంది, ఆ డబ్బుతో వంటిల్లు మొదట చేయించుకో, రోజూ నిలబడేది అక్కడే. పెయింటు అల్లుడు, మరిది కలిసి రెండు ఆదివారాల్లో వేయగలరు.

మేస్త్రీకి డబ్బంతా ముందే ఇవ్వొద్దు. సామాను నువ్వే కొనిపెట్టి, కూలి మాత్రం పని అయినంత వరకు ఇస్తూ పో, చివరి కొంత మొదటి వాన చూశాక ఇస్తానని పని మొదలుపెట్టకముందే చెప్పు.

ఈ ఆదివారం పెద్దనాయన పొద్దున బస్సుకు వస్తాడు. పక్కింట్లో నిచ్చెన అడిగి పెట్టు, మిద్దె మీద ఉన్న పాత సామాన్లు తీయించి ఊడ్చి ఉంచు. ఆయన చూసి చెప్పేదాకా ఫైనాన్స్ వాళ్ళకు ఆధార్ జిరాక్సు గానీ, సంతకం పెట్టిన చెక్కు గానీ ఇవ్వొద్దు. ఇప్పటికే ఇచ్చి ఉంటే ఈ రాత్రికే నాకు ఫోన్ చెయ్.

మీ పెద్దమ్మ