నీట్ పోయింది, మేకలంటోంది: సిరొంచ తండ్రికి జవాబు

ప్రశ్న: మాది మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరొంచ. అమ్మాయి పన్నెండు పాసైంది కానీ పశువైద్య సీటుకు సరిపోయే నీట్ మార్కులు రాలేదు. ఇప్పుడు పాల మేకలు పెంచుతానని పట్టు పట్టింది. లాంగ్‌టర్మ్ కోచింగ్‌కు హైదరాబాద్ పంపాలా, సబ్సిడీ లోన్ తీసి 100 మేకల షెడ్డు వేయించాలా? పోల్చి చెప్పండి. ఆడపిల్ల మేకలు కాస్తే రేపు సంబంధాలెట్లా వస్తాయని ఇంట్లో ఒకటే గోల.

జవాబు: అన్నా, మీరు పోలిక అడిగారు గానీ మీ దిగులంతా ఆఖరి వాక్యంలో ఉంది. కోళ్లన్నా, చేపలన్నా, పుట్టగొడుగులన్నా తల్లిదండ్రులు ఇదే అడుగుతారు. పైకి లాభనష్టాలు, లోపల నలుగురేమంటారోనన్న భయం. ఒక్కటి చెప్పండి, కూతురు పశువుల డాక్టరైతే పరువు, పశువుల్ని పెంచితే పరువు తక్కువ ఎట్లా అయింది? ఆ కాలేజీలో చేరినా ఆమె ఎత్తేది పేడే, పట్టేది పొదుగే. సంబంధాల సంగతి సంబంధాలొచ్చినప్పుడు చూసుకుందురు గానీ, పద్దెనిమిదేళ్ల పిల్ల ముందు ఆ మాట రోజూ ఎత్తకండి.

నీట్ వివరాలు మీకు తెలిసినవే, మళ్లీ చెప్పను. అయితే ఒక విషయం చాలామంది పొరబడతారు. హైదరాబాద్‌లో కోచింగ్ తీసుకున్నంత మాత్రాన తెలంగాణ స్థానిక సీటు రాదు. అమ్మాయి పది, పన్నెండు మహారాష్ట్రలోనే చదివి ఉంటే ఆమె ఆశ నాగ్‌పూర్, పర్భణీ, ఉద్గీర్ లాంటి కాలేజీల మీద, దేశమంతటికీ ఉన్న 15 శాతం కోటా మీద పెట్టుకోవాలి. కోర్సు ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు. సీటు కొద్ది మార్కుల్లో పోయి ఉంటే ఇంకో ఏడాది రాయించండి. చాలా దూరంలో ఆగిపోతే మాత్రం ఆ డబ్బు, ఆ ఏడాది వృథా చేయకండి. దగ్గర్లో డిగ్రీలో చేర్పించండి. పొద్దున, సాయంత్రం మేకలు చూసుకుంటుంది.

100 మేకల షెడ్డు దగ్గరే నాకు అనుమానం. జాతీయ పశుధన మిషన్‌లో 100 ఆడమేకలు, 5 పోతుల యూనిట్‌కు ఖర్చులో సగం, 10 లక్షలకు మించకుండా సబ్సిడీ ఉన్న మాట నిజమే. కానీ అది ముందే చేతికి రాదు, విడతలుగా వస్తుంది, అప్పు మాత్రం మొదటి రోజు నుంచే మీది. ఒక్కో మేకకు రోజుకు 3 నుంచి 4 కిలోల పచ్చిమేత కావాలి. అంటే 100 మేకలకు రోజూ 3, 4 క్వింటాళ్లు. కోసేదెవరు, మోసేదెవరు? పాలు ఎవరికి అమ్ముతారన్నది ఇంకో చిక్కు. ఊళ్లలో పాల కేంద్రాలు మామూలుగా ఆవు, గేదె పాలే పోయించుకుంటాయి. డెంగీ సీజన్‌లో మేకపాలకు ఎగబడతారు నిజమే, కానీ ప్లేట్‌లెట్లు పెరుగుతాయనడానికి గట్టి ఆధారం లేదు. ఆ నాలుగు వారాల ధర పట్టుకుని ఏడాది లెక్క వేయకండి.

ఐదు మేకల లెక్క చూడండి. మీ వైపు వాతావరణానికి ఉస్మానాబాదీ జాతి నయం. జమునాపారీ, బీటల్ ఎక్కువ పాలిస్తాయి గానీ మేత, సంరక్షణ గట్టిగా అడుగుతాయి, కొత్తవాళ్లకు బరువు. ఐదూ ఒకేసారి పాలివ్వవు. మూడు పాలతో, రెండు చూడితో ఉన్నాయనుకోండి. ఒక్కోటి ముప్పావు లీటరు చొప్పున రెండుంబావు లీటర్లు. సగానికి పైగా పిల్లలే తాగుతాయి. మీకు మిగిలేది లీటరు, అదీ మీ ఇంటి టీకే సరి. రాబడి వచ్చేది పిల్లల అమ్మకంలో. ఈ మాట వీడియోల్లో ఎవరూ చెప్పరు.

ఐదింటికి కప్పు కింద 60 చదరపు అడుగులు, బయట దానికి రెట్టింపు దొడ్డి చాలు. తడి నేల మీద కట్టేస్తే గిట్టలు చీము పడతాయి. మీ దగ్గర వెదురుకు కరువు లేదు కదా, రెండు మూడడుగుల ఎత్తున మంచె వేయించండి. బద్దల మధ్య సందు ఒకటిన్నర సెంటీమీటర్లు ఉంటే పెంటికలు రాలిపోతాయి, గిట్ట ఇరుక్కోదు. పోతును దూరంగా కట్టాలి, లేకుంటే పాలకు దాని కంపు పడుతుంది.

మేతలో అవిసె, మునగ, సుబాబుల్ మంచివే. సుబాబుల్ మాత్రం మొత్తం మేతలో మూడో వంతు దాటకూడదు. వాడిన లేత జొన్న, కోసిన మళ్లలో లేచిన జొన్న పిలకలు మేపితే నాము, అంటే జొన్నలోని సైనైడ్ విషం, పడుతుంది, గంటల్లో చస్తాయి. పాలమేకకు రోజుకు పావుకిలో దాణా, దాని పైన లీటరు పాలకు 400 గ్రాములు. మూతి కట్టని వడ్ల బస్తా ఇంకో గండం. మేక పావుగంటలో మెక్కేస్తుంది, సాయంత్రానికి పొట్ట నీళ్ల తిత్తిలా ఊగుతుంది, పళ్లు కొరుకుతుంది. కడుపులో ఆమ్లం పెరిగి వచ్చే జబ్బు ఇది. నూనె తాగించి కూర్చోకుండా డాక్టర్‌ని పిలవండి.

వానాకాలంలో మేకల్ని తినేసేది నట్టలు, అంటే కడుపులో పురుగులు. వారానికోసారి మేక కింది రెప్పను బొటనవేలితో లాగి లోపలి పొర చూడమనండి. ఎర్రగా ఉంటే సరే. పాలిపోయిన గులాబీ రంగైతే మందు వేయాలి. కాగితంలా తెల్లగా ఉంటే రక్తం తాగే పురుగు అప్పటికే పని కానిచ్చినట్టే, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మందు తూకాన్ని బట్టి వేయాలి, ఒకటే మందు పదేపదే వాడితే పురుగు లొంగదు. ప్రాణహిత, గోదావరి ఒడ్డున నీళ్లు నిలిచే పల్లంలో మేపొద్దు, అక్కడి నత్తల వల్ల కాలేయంలో జలగ పడుతుంది. చిటుకు రోగం టీకా వానలకు ముందే పడాలి, మొదటిసారైతే రెండు మూడు వారాలకు బూస్టర్. పీపీఆర్ (మేకల ప్లేగు) టీకా పిల్లలకు నాలుగో నెలలో, తర్వాత మూడేళ్లకోసారి.

చూడి 150 రోజులు. ఈనడానికి రెండు నెలల ముందే పితకడం ఆపేయాలి. పిల్ల పుట్టిన గంటలోపు జున్నుపాలు తాగాలి. రెండు కిలోల పిల్లకు మొదటి రోజు మొత్తం 200 మిల్లీలీటర్లు, మూడు నాలుగు సార్లుగా. బొడ్డుకు అయోడిన్ పూయాలి. మేక ఈచుకుపోతే మాయను, పిండాన్ని ఉత్త చేతులతో ముట్టుకోనివ్వకండి. ఈచుకుపోయేలా చేసే బ్రూసెల్లా అనే సూక్ష్మజీవి మనుషులకూ అంటుతుంది, పాలు కాచే తాగాలన్నదీ అందుకే.

పితికేటప్పుడు చన్ను లాగకూడదు. బొటనవేలు, చూపుడువేలుతో పైన మూసి, మిగతా వేళ్లు ఒకటొకటిగా బిగించాలి. మొదటి రెండు ధారలు నల్లగుడ్డ మీద పిండి చూడాలి, పెరుగు ముక్కల్లాంటివి కనిపిస్తే పొదుగు వాపు మొదలైనట్టు.

శిక్షణ కావాలంటే గడ్చిరోలి కృషి విజ్ఞాన కేంద్రంలో అడగండి. మథుర దగ్గర మఖ్దూమ్‌లో 1979 నుంచి ఉన్న కేంద్ర మేకల పరిశోధనా సంస్థ కూడా రైతులకు కోర్సులు పెడుతుంది. అమ్మాయిని ఒంటరిగా అంత దూరం ఎట్లా పంపేదంటారేమో, కోచింగ్‌కు హైదరాబాద్ పంపడానికి సిద్ధపడ్డది మీరే కదా!

వానల్లో కొనకండి, దసరా దాటనివ్వండి. తెచ్చినవాటిని మూడు వారాలు విడిగా కట్టండి. అమ్మేవాళ్లు ముందురోజు పితకకుండా పొదుగు బిగించి చూపిస్తారు. అందుకే ఆ రాత్రి అక్కడే ఆగి, సాయంత్రం పొదుగు పూర్తిగా పిండేసి, ఆ పాలు లెక్కలోకి తీసుకోకుండా తెల్లవారి పితికినవి కొలవాలి. బేరం మీరాడండి, పితికేది మాత్రం అమ్మాయిని పితకనివ్వండి.