సాఫ్ట్‌వేర్ ఊరికే వస్తుంది, దాన్ని చూసుకునేదెవరు?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. తిరుపతిలో ఒక మహిళా డిగ్రీ కాలేజీలో లైబ్రేరియన్‌ని. మా పుస్తకాల కేటలాగు కోహా అనే లైబ్రరీ సాఫ్ట్‌వేర్‌లో ఉంది. ప్రాజెక్టులు రాసే పిల్లలకు అన్నమయ్య సంకీర్తనలు, శ్రీకాళహస్తి కలంకారీ, మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు... ఇలా ఒక్కో విషయానికి ఏ పుస్తకం చూడాలో, ఎక్కడ వెతకాలో చెప్పే గైడ్లు ఆన్‌లైన్‌లో పెట్టాలని ఉంది. ఇలాంటి గైడ్ల కోసమే అమ్మే లిబ్‌గైడ్స్‌కు ఏటా చందా కట్టే స్తోమత మాకు లేదు. డబ్బు కట్టక్కర్లేని ఓపెన్ సోర్స్‌లో సబ్జెక్ట్స్‌ప్లస్, వర్డ్‌ప్రెస్, డోకువికీ అని మూడు పేర్లు విన్నాను. ఏది తీసుకోమంటారు?
– ఒక లైబ్రేరియన్, తిరుపతి

జవాబు: మీ ఉత్తరం చూసి చాలా సంతోషపడ్డానమ్మా. కేటలాగు పెట్టేసి అంతటితో ఊరుకునేవాళ్లే ఎక్కువ. అన్నమయ్య సంగతే చూడండి. కేటలాగులో ‘అన్నమయ్య’ అని కొడితే కొన్ని పుస్తకాలు వస్తాయి, ‘అన్నమాచార్య’ అంటే వేరేవి, ‘తాళ్లపాక’ అంటే ఇంకొన్ని. మూడు పేర్లతోనూ వెతకాలని పిల్లకు ఎవరు చెప్తారు? కొడుకు పెద తిరుమలాచార్యుడు, మనవడు చిన తిరుమలాచార్యుడు కూడా సంకీర్తనలు రాశారని, రాగిరేకుల మీద చెక్కిన సంకీర్తనల సంపుటం చూసేటప్పుడు అది ఎవరి రేకో గమనించుకోవాలని ఎవరు చెప్తారు? మన షెల్ఫులో డ్యూయీ వర్గీకరణ నంబరు 894.827 దగ్గర తెలుగు సాహిత్యం, సంగీతం మాత్రం 780 దగ్గర, రెండు చోట్లా చూడమని చెప్పేది కూడా గైడే. పాఠకుడి సమయం ఆదా చేయమని గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ 1931లోనే రాసిన సూత్రానికి ఇంతకన్నా సూటైన ఆచరణ నాకు తెలియదు.

ఇక సాఫ్ట్‌వేర్. నేను చిత్తూరులో ఒక కాలేజీ లైబ్రరీలో ఉన్నప్పుడు ఎం.సి.ఏ. చదివే కుర్రాడు ఒకడు ఎంతో ఇష్టంగా ఇలాంటి సైటే కట్టి ఇచ్చాడు. రెండేళ్లలో నలభై గైడ్లు రాశాను. అతను ఉద్యోగానికి బెంగళూరు వెళ్లిపోయాడు. ఆరు నెలలకు ఆ కంప్యూటర్ హార్డ్‌డిస్క్ పోయింది. బ్యాకప్ తీయడం నాకు నేర్పమని అతన్ని అడగలేదు, నేనూ నేర్చుకోలేదు. నలభైలో పదకొండు మాత్రం నా నోటుపుస్తకంలో మిగిలాయి. అప్పటినుంచి ఎవరు అడిగినా నేను ముందు అడిగేది ఒకటే: మీరు సెలవులో ఉన్న రోజు సైటు ఆగితే సరిచేసేదెవరు?

సబ్జెక్ట్స్‌ప్లస్ అచ్చంగా ఈ పనికోసం లైబ్రరీవాళ్లే రాసుకున్నది. అమెరికాలో ఈస్ట్ కరోలినా యూనివర్సిటీ లైబ్రరీలో మొదలై, ఇతాకా కాలేజీ మీదుగా మయామి యూనివర్సిటీకి చేరింది. అందులో నాకు బాగా నచ్చింది ఒకటుంది. ఒక డేటాబేస్ లింకును ఒక్కసారి నమోదు చేస్తే ఎన్ని గైడ్లలోనైనా వాడుకోవచ్చు. రేపు కాలేజీలకు ఈ-పుస్తకాలు, పత్రికలు అందించే ఎన్‌లిస్ట్ అడ్రస్ మారితే పన్నెండు గైడ్లు తెరిచి దిద్దక్కర్లేదు, ఒకచోట దిద్దితే చాలు. కానీ దాన్ని ఎరిగినవాళ్లు మన చుట్టుపక్కల దొరకడం కష్టం. అది ఎక్కించుకునే ముందు చివరి వెర్షన్ ఎప్పుడొచ్చిందో తప్పక చూడండి. ఏళ్ల తరబడి అప్‌డేట్ లేనిదాన్ని సర్వర్ మీద పెట్టడం తాళం లేని తలుపులాంటిది.

డోకువికీకి డేటాబేస్ అక్కర్లేదు. ప్రతి పేజీ ఒక మామూలు టెక్స్ట్ ఫైలు. ఫోల్డర్ కాపీ చేసుకుంటే అదే బ్యాకప్. నాకు అప్పుడు ఇది తెలిసి ఉంటే ఆ ఇరవై తొమ్మిది గైడ్లూ దక్కేవి. చూపుకు సాదాగా ఉంటుంది, రాసే పద్ధతి కొంచెం నేర్చుకోవాలి.

మీకు మాత్రం, ఎలాంటి సైటైనా కట్టుకోగల వర్డ్‌ప్రెస్ తీసుకోమంటాను. సబ్జెక్ట్స్‌ప్లస్ లాగే దీనికీ సర్వర్ మీద పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాష, మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ కావాలి కాబట్టి సర్వర్ ఖర్చులో తేడా రాదు. తేడా మనుషుల్లో ఉంది. వర్డ్‌ప్రెస్ తెలిసినవాళ్లు తిరుపతిలో ఏ వీధిలోనైనా దొరుకుతారు. ఒకరు వెళ్లిపోతే ఇంకొకరు వస్తారు. మళ్లీ మళ్లీ వచ్చే లింకులను ‘సింక్డ్ ప్యాటర్న్’గా, అంటే చాలా పేజీల్లో వాడుకునే ఒకే ముక్కగా, చేసి పెట్టుకుంటే ఒకచోట దిద్దితే అన్నిచోట్లా మారుతుంది. ప్లగిన్లు, అంటే అదనపు సౌకర్యాలిచ్చే చిన్న ప్రోగ్రాములు, మాత్రం అవసరమైన రెండు మూడే. ప్రతి ప్లగిన్‌నూ అప్‌డేట్ చేస్తూ ఉండాల్సింది మీరే మరి.

మొత్తం కట్టకముందే ఒక్క అన్నమయ్య గైడు తెలుగులో పెట్టి, బ్యాకప్ తీసి, వేరే కంప్యూటర్‌లో తిరిగి ఎక్కించి చూడండి. ‘శ్రీ’, ‘క్ష’, ‘ర్థ’ సరిగ్గా వచ్చాయా? అక్షరాల బదులు ప్రశ్నార్థకాలు కనిపిస్తే, డేటాబేస్‌ను అన్ని భాషల అక్షరాలూ పట్టే యూటీఎఫ్‌8ఎంబీ4 అమరికలో పెట్టారో లేదో ముందు చూడండి. ఐదు పేజీలప్పుడు సరిచేయడం గంట పని. పాస్‌వర్డులు ఒక కాగితం మీద రాసి, కవర్లో పెట్టి, ప్రిన్సిపాల్ గారి బీరువాలో ఉంచండి.

ప్రశ్న: అను ఫాంట్లలో టైపు చేసిన పాత పుస్తక జాబితాలు నా దగ్గర ఉన్నాయి. సైటులో నేరుగా అతికించవచ్చా?
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: అతికించకండి. ఆ ఫాంటు లేని ఫోన్లో అవి అర్థంలేని గుర్తులై కనిపిస్తాయి, వెతికితే ఒక్క పేరూ దొరకదు. ఏ ఫోన్లోనైనా చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లున్నాయి. మార్చాక ఒత్తులు, రచయితల పేర్లు ఒక్కొక్కటీ కంటితో సరిచూసుకోండి.