యోషీయాను మెగిద్దో దాకా నడిపించు

చిరంజీవి బాబుకు దీవెనలు.

ముందుమాట రాయమని నువ్వు పంపిన నీ పుస్తకం రాతప్రతి కట్ట అందింది. సౌలు మొదలు సిద్కియా దాకా బైబిల్లో పేరున్న రాజులందరినీ వరసగా నిలబెట్టావు. మనిషికి రెండు మూడు పేజీలు, ఆఖరున ఒక గీత, గీత కింద ‘మనం నేర్చుకోవలసిన పాఠాలు’. సగం చదివి పక్కన పెట్టాను. మిగతాది కూడా చదివాక రాద్దామంటే మనసు ఊరుకోలేదు.

ఒక్క పేరా నాకు బాగా నచ్చింది. యూదా రాజు యోషీయా దగ్గరికి ఆయన లేఖకుడు షాఫాను వచ్చి ముందు దేవాలయపు డబ్బు లెక్క అప్పజెప్పి, అది పని చేయించేవాళ్ళ చేతికి ముట్టిందని చెప్పి, ఆ తర్వాతే ‘యాజకుడైన హిల్కీయా నాకొక పుస్తకం ఇచ్చాడు’ అన్నాడని పట్టుకున్నావు చూడు, అది. లెక్కలు చూసే మనిషి అలాగే మాట్లాడతాడు. అంత చూపు ఉన్నవాడివి తర్వాతి పేజీలో చేసిన పనికే నాకు కోపం వచ్చింది.

యోషీయా కథను పస్కా పండుగ దగ్గర ఆపేశావు. ఎనిమిదో ఏట రాజయ్యాడు, ఏలుబడి పద్దెనిమిదో ఏట ధర్మశాస్త్ర గ్రంథం దొరికింది, విని బట్టలు చింపుకున్నాడు, హుల్దా ప్రవక్త్రి దగ్గరికి మనుషుల్ని పంపాడు, బేతేలు బలిపీఠం దాకా వెళ్ళి పడగొట్టాడు, న్యాయాధిపతుల కాలం నుంచీ ఎవరూ చేయనంత గొప్పగా పస్కా చేయించాడు. అంతా సరే. వెంటనే గీత. ‘వాక్యమునకు లోబడిన యోషీయాను దేవుడు అన్నిటా వర్ధిల్లజేసెను. మనమును లోబడినచో మన మార్గములు వర్ధిల్లును.’

బాబూ, యోషీయా 39 ఏళ్ళకే పోయాడు. క్రీ.పూ. 609లో, మెగిద్దో దగ్గర, ఐగుప్తు (ఈజిప్టు) విలుకాళ్ళ బాణాలు తగిలి. ఆ మాట నీ పుస్తకంలో ఎక్కడుంది? పేజీలు తిరగేసి వెతికాను. తెలియక వదిలావని నేననుకోను. రాజుల రెండో గ్రంథం 23వ అధ్యాయంలో పస్కాకూ చావుకూ మధ్య అయిదారు వచనాలే. చదివే ఉంటావు. చదివి, పాఠానికి అడ్డొస్తోందని పక్కకు నెట్టావు.

నేను నీకు చెప్పదలచింది ఇదొక్కటే. రాజు చివరి పేజీ దాచిపెట్టి పాఠం చెప్పకు. నీ పాఠం ఆ పేజీ ముందు నిలబడలేకపోతే పాఠాన్నే కొట్టెయ్యి, పేజీని ముట్టుకోకు.

రాజుల గ్రంథం రాసినవాడు ఏమీ దాచలేదు. వరస చూడు. 25వ వచనంలో, పూర్ణహృదయంతో యెహోవా వైపు తిరిగిన ఇలాంటి రాజు ముందూ లేడు, వెనకా లేడు అన్నాడు. 26లో, అయినా ఇతని తాత మనష్షే చేసినవాటి వల్ల యూదా మీద దేవుని కోపం చల్లారలేదన్నాడు. 29లో, ఐగుప్తు రాజు ఫరో నెకో ఇతన్ని చూడగానే చంపాడన్నాడు. ఎందుకని ఒక్క ముక్క చెప్పలేదు. నెమ్మదిగా నీ సమాధికి చేరుకుంటావని హుల్దా చెప్పిన మాట అంతకు ముందు అధ్యాయంలోనే ఉంది, దాన్నీ చెరపలేదు. ఆ మాటనూ ఈ చావునూ పక్కపక్కన పెట్టి ఊరుకోవడానికి ఎంత గుండె నిబ్బరం కావాలో ఆలోచించు.

అదే చరిత్రను మళ్ళీ చెప్పే దినవృత్తాంతాల గ్రంథం రాసినవాడు మాత్రం కారణం చెప్పాడు. నీతో నాకు పేచీ లేదు, దేవుడు నన్ను త్వరపడమన్నాడు అని నెకో రాయబారులను పంపాడట. యోషీయా వినకుండా మారువేషం వేసుకుని యుద్ధానికి దిగాడు. గాయపడ్డవాణ్ణి వేరే రథంలోకి మార్చి యెరూషలేముకు తెచ్చారు. యూదా అంతా ఏడ్చింది, ప్రవక్త యిర్మీయా విలాపగీతం చెప్పాడు. కారణం చెప్పినవాడు కూడా ఏడుపును వదిలిపెట్టలేదు. నువ్వు కారణాన్నీ వదిలేశావు, ఏడుపునూ వదిలేశావు.

ఇది నాకు పాత గొడవే. బడిలో తెలుగు చెబుతూ రాత్రిళ్ళు రాసుకునే రోజుల్లో ఒక క్రైస్తవ మాసపత్రికకు యోషీయా మీద వ్యాసం పంపాను. మెగిద్దోతోనే మొదలుపెట్టాను. అచ్చులో చూద్దును కదా, మెగిద్దో లేదు. ఆఖరున నేను రాయని మూడు పాఠాలు, ఒక ప్రార్థన, వాటి కింద నా పేరు. ఇదేమిటండీ అని సంపాదకుడిగారికి రాస్తే, ‘పాఠకుల విశ్వాసం కదలకూడదమ్మా’ అని కార్డు ముక్క వచ్చింది. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆ పత్రిక చదివేవాళ్ళు ఎవరు? కడుపున పుట్టినవాళ్ళను పోగొట్టుకున్నవాళ్ళు, ఎవరికీ అన్యాయం చేయని మనిషి మంచాన పడి ఏళ్ళ తరబడి లేవకపోతే చాకిరీ చేసినవాళ్ళు. మెగిద్దో వాళ్ళకు కొత్తా? తమ సంగతి బైబిల్లో ఉందని తెలియకుండా దాచడమే వాళ్ళకు చేసిన అన్యాయం.

ఈమధ్య సభల్లో వచ్చిన పద్ధతి కూడా అలాంటిదే. విశ్వాసం, విధేయత, విజయం. మూడూ ఒకే అక్షరంతో మొదలైతే చాలు, ప్రసంగం సిద్ధమైపోయినట్టే. జనం పుస్తకాల్లో రాసుకుంటారు, ఇంటికి చేరేసరికి ఏ రాజు గురించి విన్నారో కూడా గుర్తుండదు. నీ రాతలో ఆ వాసన తగిలింది. అందుకే ఇంత గట్టిగా రాస్తున్నాను.

మా ఊళ్ళో ఒక ఆదరణ కూడిక జరిగింది. పోయినవాడు పెళ్ళి కూడా కాని కుర్రాడు, హైవే మీద లారీ గుద్దింది. సండే స్కూలు పిల్లలకు పాటలు నేర్పేవాడు. మాట్లాడినవాళ్ళలో ఒకాయన, మనకేదో నేర్పించడానికే దేవుడు ఇలా చేశాడన్నాడు. తల్లి తల ఎత్తలేదు. నన్ను వాక్యం చదవమంటే దినవృత్తాంతాల రెండో గ్రంథం 35వ అధ్యాయం తీసి, బాణాలు తగిలిన చోటు నుంచి విలాపం దాకా చదివి కూర్చున్నాను. వివరణ ఏమీ చెప్పలేదు. భోజనాలయ్యాక గిన్నెలు సర్దుతుంటే ఆమె నా పక్కకు వచ్చి, ‘అమ్మగారూ, ఆ రాజు తల్లి అప్పటికి బతికుందా?’ అని అడిగింది. గ్రంథంలో చెప్పలేదమ్మా, పేరు మాత్రం ఉంది, యెదీదా, బొస్కతు ఊరి అదాయా కూతురు అన్నాను. యెదీదా, యెదీదా అని రెండుసార్లు అనుకుని, నా చేతిలో గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

యూదా రాజుల్లో దాదాపు అందరికీ తల్లి పేరు రాసి ఉంటుంది, గమనించావా? నీ పుస్తకంలో బత్షెబ తప్ప ఒక్క తల్లి పేరూ లేదు.

ఇక యోషీయా కొడుకు యెహోయాకీము. పేజీన్నరలో తేల్చేశావు. ‘ఇతడు దుష్టుడు, దేవుని గ్రంథమును కాల్చెను, మనము వాక్యమును గౌరవించవలెను.’ ఒక కాగితం తీసుకుని నాతో పాటు లెక్క వెయ్యి. తండ్రి పోయిన ఏడాదే ఇతను రాజయ్యాడు, అప్పటికి 25 ఏళ్ళు. గ్రంథం దొరికింది క్రీ.పూ. 622 ప్రాంతంలో. అంటే యోషీయా బట్టలు చింపుకున్ననాటికి ఈ అబ్బాయికి పన్నెండేళ్ళు. నాన్న ఏడ్చిన సంగతి ఆ వయసు పిల్లవాడికి తెలియకుండా ఉంటుందా?

అక్కడి నుంచి పద్దెనిమిదేళ్ళు ముందుకు రా. క్రీ.పూ. 604, తొమ్మిదో నెల, చలికాలం. బబులోను రాజు నెబుకద్నెజరు ఫిలిష్తీయుల దేశంలో అష్కెలోను మీద పడ్డ నెల అదే. యెరూషలేములో ఉపవాసం చాటించారు. రాజు చలికాలపు నగరులో కుంపటి ముందు కూర్చున్నాడు. యిర్మీయా చెప్పగా ఆయన లేఖకుడు బారూకు రాసిన గ్రంథపు చుట్టను యెహూది అనే కొలువు మనిషి చదువుతున్నాడు. మూడు నాలుగు పుటలు చదవగానే రాజు చాకుతో ఆ ముక్క కోసి కుంపటిలో పడేశాడు. మళ్ళీ చదివారు, మళ్ళీ కోశాడు. చుట్టంతా ఒక్కసారి మంటలో గిరాటేసి లేచిపోలేదు. ఆఖరి ముక్క దాకా వింటూ కాల్చాడు. అక్కడున్నవాళ్ళెవరూ భయపడలేదు, బట్టలు చింపుకోలేదు అని గ్రంథం పనిగట్టుకుని చెబుతుంది. చదివేవాడికి తండ్రి గుర్తుకు రావాలనే చెబుతుంది.

కాల్చొద్దని ముగ్గురు బతిమాలారు, ఎల్నాతాను, దెలాయా, గెమర్యా. నువ్వు ‘కొందరు అధికారులు’ అని రాశావు. గెమర్యా ఎవరి కొడుకో చూడలేదా? షాఫాను కొడుకు. నువ్వు అంత చక్కగా పట్టుకున్న ఆ లెక్కల షాఫాను కొడుకే. తండ్రి ఆ రాజుకు గ్రంథం చదివి వినిపించాడు, కొడుకు ఈ రాజును గ్రంథం కాల్చొద్దని వేడుకున్నాడు. రెండు ఇళ్ళు, రెండు తరాలు. ఇంత కథ చేతిలో పెట్టుకుని ‘కొందరు’ అని ఎలా రాయగలిగావు?

1982లో యెరూషలేములో దావీదు పట్టణం తవ్వకాల్లో, కాలిపోయిన ఒక ఇంట్లో యాభై దాకా మట్టి ముద్రలు బయటపడ్డాయి. చుట్టలకు దారం కట్టి, ముడి మీద మట్టి పెట్టి ఒత్తేవాళ్ళు. క్రీ.పూ. 586లో బబులోనువాళ్ళు పెట్టిన మంటకు చుట్టలన్నీ బూడిదయ్యాయి, మట్టి మాత్రం కాలి గట్టిపడి నిలిచింది. అందులో ఒకదాని మీద షాఫాను కుమారుడు గెమర్యా అని ఉంది. ఈ గెమర్యాయే అయి ఉంటాడని చాలామంది పండితుల అభిప్రాయం. బైబిలు నిజమని రుజువు చేయడానికి ఇది నీకు చెప్పడం లేదు. పేర్లను పారేయవద్దని చెబుతున్నాను.

కాలిన ఆ చుట్టకు ఏమైందో నువ్వు రాయనే లేదు. యిర్మీయా మళ్ళీ చెప్పాడు, బారూకు మళ్ళీ రాశాడు, ఈసారి ఇంకా చాలా మాటలు కలిపారు. పత్రికవాళ్ళు కోసిన నా మెగిద్దో వ్యాసాన్ని నేనూ అలాగే తిరగరాసి, పెంచి, వేరే చోట వేయించుకున్నాను. నీ రాతనూ ఎవరో ఒకరు కోస్తారు. కోసినవాడితో దెబ్బలాడు, ఆ తర్వాత కూర్చుని మళ్ళీ రాయి.

అయితే పాఠాలే వద్దంటారా అని అడుగుతావు. యిర్మీయా పుస్తకం 22వ అధ్యాయం తియ్యి. యోషీయా ఏలుబడి పదమూడో ఏట పిలుపు అందుకున్న ప్రవక్త ఆయన, ఆ రాజును ఎరిగిన మనిషి. కూలి ఇవ్వకుండా జనం చేత పని చేయించుకుని, దేవదారు పలకలు పరిపించి, ఎర్ర రంగు పూయించి మేడ కట్టుకుంటున్న యెహోయాకీముతో మాట్లాడుతున్నాడు. నీ తండ్రి కూడా తిన్నాడు, తాగాడు, అయినా న్యాయం జరిగించాడు, దీనుల వ్యాజ్యం, దరిద్రుల వ్యాజ్యం తీర్చాడు, నన్ను తెలుసుకోవడమంటే అదే కదా అని యెహోవా అంటున్నాడు. బలిపీఠాల ఊసు లేదు, పస్కా ఊసు లేదు. కూలి డబ్బు, పేదవాడి వ్యాజ్యం. ఇప్పుడు షాఫాను మొదట చెప్పిన లెక్క మళ్ళీ చదువు, డబ్బు పని చేయించేవాళ్ళ చేతికి ముట్టిందన్న ఆ మాట. వడ్రంగులకు, రాళ్ళు పేర్చేవాళ్ళకు ముట్టాల్సిన డబ్బు అది. నీకు ఆ పేరా ఎందుకు బాగా కుదిరిందో అప్పుడు తెలుస్తుంది. అంత దగ్గరగా వచ్చి పక్కదారి పట్టావు.

యోషీయా, యెహోయాకీము అధ్యాయాలు రెండూ కలిపి ఒక్కటిగా తిరగరాయి. గీతలొద్దు, గీత కింద అంకెలొద్దు. గ్రాంథికం కూడా మానెయ్యి, నువ్వు ఇంట్లో మాట్లాడే తెలుగులో రాయి. ఎంత పొడుగైనా ఫరవాలేదు. యోషీయాను మెగిద్దో దాకా తీసుకెళ్ళి, రథంలో వెనక్కి తీసుకురా. ముందుమాట సంగతి అది చదివాక చూద్దాం.

మనష్షే మీద వేరే ఉత్తరం రాయాలి. రాజుల గ్రంథంలో 55 ఏళ్ళు ఏలి, పశ్చాత్తాపం అన్న మాట లేకుండానే పోయాడు. దినవృత్తాంతాల్లో గొలుసులతో బబులోనుకు వెళ్ళి, అక్కడ ప్రార్థన చేసి తిరిగొచ్చాడు. నువ్వు రెండూ కలిపి ఒకే మనిషిని చేశావు. నా ఉత్తరం వచ్చేలోపు రెంటినీ విడివిడిగా రాసి పెట్టుకో.

నీ మేలు కోరే,
అమ్మగారు