షుగర్ ఉన్న అమ్మకు తేలికపాటి యోగా: ముందు మాత్ర సంగతి చూడండి

అమ్మగారికి 58 ఏళ్లని, మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ వాడుతున్నారని, మోకాళ్ల నొప్పులున్నాయని, యోగా చేయించవచ్చా అని అడిగారు. తప్పకుండా చేయించండి. కానీ ఆసనాల కన్నా ముందు ఆ గ్లిమిపిరైడ్ గురించి ఆలోచించాలి.

మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే షుగర్ పడిపోవడం అరుదు. గ్లిమిపిరైడ్ అలా కాదు. తిన్నా తినకపోయినా ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తూనే ఉంటుంది, దాని ప్రభావం రోజంతా ఉంటుంది. అందుకే 'యోగా పరగడుపునే చేయాలి' అన్న మాట అమ్మగారికి వర్తించదు. మొదలుపెట్టే ముందు గ్లూకోమీటర్‌తో చూడండి. 100 కన్నా తక్కువుంటే కాస్త ఏదైనా తిన్నాకే చేయాలి. మధ్యలో వణుకు, చెమటలు, గుండె దడ వస్తే వెంటనే ఆపేసి షుగర్ చూడండి. 70 కన్నా తక్కువుంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలాగి మళ్లీ చూడాలి. భోజనం చేశాక మాత్రం రెండు మూడు గంటల విరామం ఉండాలి.

ఇక ఆసనాలు. షుగర్‌కి వజ్రాసనం (మోకాళ్లు మడిచి మడమల మీద కూర్చోవడం) అని అందరూ చెబుతారు, ఈ మోకాళ్లతో అది వద్దు. తొడ కండరాలకు పని పడటం ముఖ్యం. అవి శరీరంలోని పెద్ద కండరాల్లో ఉన్నాయి, పనిచేసేటప్పుడు ఇన్సులిన్ కోసం ఎదురుచూడకుండానే రక్తంలోని గ్లూకోజ్‌ను లాక్కుంటాయి. కాబట్టి కుర్చీతో మొదలుపెట్టండి. కుర్చీ వెనక భాగం గోడకు ఆనించాలి, పాదాలు తుంటి వెడల్పున ఉంచాలి. ఊపిరి వదులుతూ లేచి, పీలుస్తూ నాలుగు లెక్కపెట్టేంత నెమ్మదిగా కూర్చోవాలి. ఎనిమిది సార్లు చాలు. చాలామంది చివర్లో ధబ్‌మని కూలబడతారు. అసలు పని జరిగేదే అక్కడ, ఆ దిగడంలో. మోకాళ్లు లోపలికి వాలిపోతుంటే కుర్చీ మీద దిండు వేసి ఎత్తు పెంచండి, నొప్పి కూడా తగ్గుతుంది.

తర్వాత సేతుబంధాసనం (వెల్లకిలా పడుకుని, మోకాళ్లు వంచి నడుము పైకెత్తడం) నాలుగుసార్లు, ఒక్కోసారి ఐదు శ్వాసలు. కూర్చుని నడుము నెమ్మదిగా అటూ ఇటూ తిప్పడం. చివర్లో పది నిమిషాలు శవాసనం. లేచేటప్పుడు పక్కకు తిరిగి, కాసేపు కూర్చుని, అప్పుడు నిలబడాలి. ఒక్కసారిగా లేస్తే బీపీ పడిపోయి కళ్లు తిరగొచ్చు. భుజం బిగుసుకుపోవడం కూడా షుగర్ ఉన్నవాళ్లలో ఎక్కువ, చేయి పైకి లేవకపోతే బలవంతం చేయకండి.

కంటి రెటీనా పరీక్ష ఈమధ్య చేయించకపోతే అది అయ్యేదాకా కపాలభాతి, శ్వాస బిగబట్టడం, తల కిందికి వంచే భంగిమలు (సూర్యనమస్కారాల్లోని పర్వతాసనం కూడా) పక్కన పెట్టండి. రెటీనా దెబ్బతిని ఉంటే కంట్లో రక్తస్రావం అయ్యే ప్రమాదం ఉంది. పాదాలు తిమ్మిరిగా ఉంటే నిలబడి చేసేవన్నీ గోడ పక్కనే. చేశాక వేళ్ల సందులతో సహా చూడండి, స్పర్శ తెలియని కాలికి పుండు పడినా తెలియదు.

నడక మానిపించకండి, యోగా దానికి బదులు కాదు. రీడింగులు తేదీతో సహా రాసి పెట్టండి. షుగర్ తరచూ తక్కువగా వస్తుంటే మాత్రలు మీరే తగ్గించకుండా, ఆ పుస్తకం, మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ రిపోర్టు పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి. అప్పుడు గ్లిమిపిరైడ్ డోసు గురించే ముందుగా అడగండి.