జోస్యమే కారణమైనప్పుడు

ప్రశ్న: ‘సెల్ఫ్ ఫుల్‌ఫిల్లింగ్ ప్రాఫెసీ’ అన్న మాట వ్యాసాల్లో తరచుగా కనిపిస్తోంది. ఉగాది నాడు మా గుడిలో పంచాంగం చదివిన అయ్యవారు ఈసారి వానలు ఆలస్యమవుతాయన్నారు, అట్లాగే అయింది. దీనికి ఆ మాట వాడవచ్చునా?
– ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: వాడకూడదు. వాన ఎవరి మాటా విని రాదు, ఆగదు. చెప్పిన మాటే జరిగినదానికి కారణమైనప్పుడు మాత్రమే ఈ పదం వర్తిస్తుంది. అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ కె. మెర్టన్ 1948లో రాసిన వ్యాసంతో ఇది ప్రచారంలోకి వచ్చింది. పరిస్థితి గురించి మొదట ఒక తప్పుడు అంచనా పుట్టాలి, దాన్ని నమ్మినవాళ్లు తమ నడవడి మార్చుకోవాలి, ఆ మార్పు వల్లనే ఆ తప్పు నిజం కావాలి అన్నది ఆయన నిర్వచనం. నిక్షేపంగా నడుస్తున్న బ్యాంకు మునిగిపోతోందన్న పుకారు విని ఖాతాదారులంతా ఒకేసారి డబ్బు కోసం ఎగబడితే, ఆ బ్యాంకు నిజంగానే దివాలా తీయడం ఆయన చూపిన ఉదాహరణ.

మన నల్లగొండ బత్తాయి తోటల విషయంలోనూ ఇది జరగగలదు. గిరాకీ బాగానే ఉన్న రోజుల్లో, వచ్చే వారం ధర పడుతుందని ఎవరో అన్నారనుకోండి. ఇంకొన్నాళ్లు చెట్టు మీద ఉంచగల కాయను కూడా కోయించి రైతులందరూ ఒక్కసారే మార్కెట్‌కు తోలితే ధర పడక తప్పదు. ఆ మాట పుట్టించినవాడు దాన్ని నమ్మాడా, కావాలనే అన్నాడా అన్నది వేరే సంగతి. విన్నవాళ్లు నమ్మితే చాలు.

నా దృష్టిలో ఈ భావన అన్నిటికంటే ఎక్కువ అవసరమైన చోటు బడి. 1968లో రోసెంతాల్, జాకబ్‌సన్ ప్రచురించిన పరిశోధనలో, కాలిఫోర్నియాలోని ఒక ప్రాథమిక పాఠశాలలో ఎటువంటి ప్రతిభా ప్రమాణమూ లేకుండా ఎంపిక చేసిన కొందరు పిల్లలు ఆ ఏడు బాగా ఎదుగుతారని ఉపాధ్యాయులకు చెప్పారు. చిన్న తరగతుల్లో ఆ పిల్లల తెలివితేటల పరీక్ష మార్కులు మిగతావారికంటే ఎక్కువ పెరిగాయి. ఆ ప్రభావం ఎంతన్న దానిపై తర్వాత గట్టి విమర్శలు వచ్చిన మాట నిజమే. అయినా, వలస నుంచి తిరిగివచ్చిన పాలమూరు కూలీల పిల్లవాణ్ణి ‘వీడికి చదువు రాదు’ అని ప్రశ్న అడగక, తప్పు దిద్దక వదిలేస్తే, వాడు పరీక్ష తప్పడంలో ఆ మాటకు వాటా లేదనగలమా? ‘నేను ముందే చెప్పాను’ అని ఆ ఉపాధ్యాయుడు అనుకోవడమే నన్ను ఎక్కువ బాధిస్తుంది. జోస్యం చెప్పినవాడు జరిగినదాన్నే తన మాటకు రుజువుగా చూపుతాడని మెర్టన్ కూడా హెచ్చరించాడు.

ధర పడుతుందన్న మాట విని రైతులు జాగ్రత్తపడి, విడతలుగా కోసి, ధర నిలబెట్టుకుంటే అది దీనికి వ్యతిరేకమైన స్థితి. అక్కడ ఈ పదం పనికిరాదు.